ఊరికే ఇచ్చినాయన

చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. స్టోరు గదిలోంచి తెచ్చిన ఆరు పాత కంప్యూటర్ల దుమ్ము దులపాలి. రక్తపరీక్షల ల్యాబు నుంచి వార్డుల దాకా గోడ వెంబడి కేబులు లాగాలి. దాన్ని ఊడబీకొద్దని ఊడ్చేవాళ్లకు చెప్పాలి. పిన్నికి మోకాలి నొప్పుల మాత్రలు తేవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఆరూ ల్యాబులోని పెద్ద కంప్యూటరుతో మాట్లాడేందుకు ఒక ప్రోగ్రాం సంపాదించాలి. కొనకుండా, దొంగిలించకుండా.

అవి ఇంటర్నెట్ ఇంకా ఇళ్లకు రాని రోజులు. ఆ అమ్మాయి ఆసుపత్రిలో కంప్యూటర్ల పనికి కొత్తగా చేరింది. ఇంటిల్లిపాదిలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. చదివించింది పిన్నే. పిన్ని అక్కడే నర్సు. రిపోర్టుల కోసం వార్డుకీ ల్యాబుకీ మధ్య మెట్లెక్కీ దిగీ మోకాళ్లు అరగదీసుకుంది.

సూపరింటెండెంటు ముఖం మీదే చెప్పేశాడు. "చూడమ్మా, శుక్రవారంలోగా పనిచేస్తే సరే. లేదంటే అవి తుక్కులోకి, నువ్వు టైపింగు గదిలోకి."

'నాకూ వాటికీ ఒకటే శిక్షా' అని నోటిదాకా వచ్చింది. "సరే సార్" అంది.

షాపులవాళ్లు కొత్త కంప్యూటర్లు కొనుక్కోమన్నారు. చివరికి యూనివర్సిటీ కంప్యూటర్ సెంటరులో పనిచేసే సీనియర్ అక్క ఆదుకుంది. ఎక్కడెక్కడివాళ్లో తాము రాసిన ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో అందరికోసం పెట్టే చోట వెతికి, ఒకటి ఫ్లాపీలో ఎక్కించి ఇచ్చింది. అందులో చిన్న మాట: "దీన్ని తీరిక సాయంత్రాల్లో రాశాను. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు. పనికొస్తే మీ ఊరి బొమ్మ ఉన్న పోస్టుకార్డు ఒకటి పంపండి." కింద రెండు పొడి అక్షరాలు, పోస్టు అడ్రసు, ఈమెయిలు అడ్రసు.

"ఊరికే ఇచ్చాడా? ఏదో మెలిక ఉంటుంది చూడు" అంది పిన్ని.

"మెలిక ఆ పోస్టుకార్డే పిన్నీ."

"అయితే ఊరికే ఇచ్చినాయన బంగారం!"

ఆ పేరే ఖాయమైపోయింది.

మొదటి కంప్యూటరులో ప్రోగ్రాం ఎక్కించి, దానికో నంబరు ఇవ్వగానే ల్యాబు రిపోర్టు తెర మీద ప్రత్యక్షమైంది. అమ్మాయి ఎగిరి గంతేసింది. అందులో ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా మిగతా ఐదింటిలోకీ దించింది. అంతే, ఒకటి నోరు తెరిస్తే ఇంకోటి మూగబోయేది. కేబులు మార్చింది, ప్లగ్గులు బిగించింది. గురువారం వచ్చేసరికి ఏడుపొక్కటే తక్కువ.

"ఇచ్చినాయన్నే అడగరాదూ?" అంది పిన్ని.

"ఊరికే ఇచ్చిన మనిషిని మళ్లీ విసిగించనా?"

"నా ప్రాణం తీయడానికి ఏనాడైనా మొహమాటపడ్డావటే? ఆయన్నీ అలాగే అడుగు."

సీనియర్ అక్క దగ్గరికెళ్లి ఈమెయిలు పంపింది. శుక్రవారం పొద్దున్నే జవాబు. "మీరు మరీ భక్తిగా కాపీ చేసినట్టున్నారు. మొదటిదాని నంబరు కూడా అన్నిటికీ వెళ్లిపోయింది. వీధిలో ఆరిళ్లకూ ఒకే నంబరుంటే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? తలా ఒకటి ఇవ్వండి. సిగ్గుపడకండి, మొదట్లో నేనూ ఇదే చేశాను."

మధ్యాహ్నానికి ఆరూ గొంతు విప్పాయి. పిన్ని వార్డులో కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, రిపోర్టు చదివింది. "కాళ్లు కదపకుండా చదువుతుంటే ఎంత హాయిగా ఉందే!"

వెనక నిలబడ్డ సూపరింటెండెంటు తల గోక్కున్నాడు. "టైపింగు గదికి ఇంకెవర్నైనా చూసుకోవాలన్నమాట."

పోస్టుకార్డు పిన్నే ఎంచింది. "నాయనా, నా మోకాళ్లు నీకు దణ్ణం పెడుతున్నాయి" అని తన చేత్తోనే రాసింది. అమ్మాయి కింద ఇంగ్లీషులో అర్థం రాసింది.

ఇప్పుడు కొనే ప్రతి కంప్యూటరులోనూ అలాంటి ప్రోగ్రాం ముందే ఉంటోంది. ఎవరూ వెతకనక్కర్లేదు, అడగనక్కర్లేదు. మీ తెర మీదికి దూరాన్నుంచి ఏదైనా కబురు వచ్చినప్పుడు, ఊరికే ఇచ్చినాయన్ని ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియకపోతే ఏం, పిన్నికీ తెలియదు.