ఎత్తు తగ్గించని కారు

సాయిప్రసన్న కారు కాలువలో పడలేదు. పడాల్సిందే, కొద్దిలో తప్పింది.

కాకినాడ నుంచి రామచంద్రపురం వచ్చే దారిలో, కరప దాటాక, కాలువ పక్కనే రోడ్డు ఎడమకి తిరిగే చోట ఒక తూము ఉంది. దాని మీద తారు కుంగి, సరిగ్గా మలుపు మధ్యలో అడ్డంగా పల్లం పడింది. ఆ సాయంత్రం ప్రసన్న ఆఫీసు నుంచి వస్తూ, రోజూ వచ్చే వేగంతోనే మలుపు తిప్పింది. ముందు చక్రాలు పల్లం దాటాయి. వెనక చక్రాలు మాత్రం ఎగిరి, పక్కకి జరిగి పడ్డాయి. కారు వెనక భాగం కాలువ వైపు తిరిగిపోయింది. ఎదురుగా ఎవరూ రావడం లేదు కాబట్టి సరిపోయింది. కుడివైపు చక్రాలు గట్టు మట్టిలో దిగబడ్డాక కారు ఆగింది. కిటికీలోంచి చూస్తే కిందంతా గుర్రపుడెక్క. నీళ్ళు కనబడలేదు.

కాసేపు స్టీరింగు మీంచి చేతులు తీయలేకపోయింది. తరవాత రివర్సు వేసి రోడ్డెక్కించి, మిగతా దారంతా నెమ్మదిగా వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆ కారు ఆమె పట్టుబట్టి కొనుక్కున్నది. భర్త ప్రవీణ్‌ది రామచంద్రపురం మార్కెట్లో తాతల నాటి కిరాణా హోల్‌సేల్ కొట్టు. ప్రసన్న కాకినాడ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. రోజూ బస్సులో తిరిగి తిరిగి, చివరికి తన జీతంలో దాచుకున్న డబ్బుతో రాజమండ్రిలో పాత పోలో జీటీ ఒకటి కొంది. ఎర్రది. చిన్న కారే గాని టర్బో ఇంజను. కాలు నొక్కితే వీపు సీటుకి అతుక్కుంటుంది. ఇంట్లో అందరూ పెద్ద డిక్కీ ఉన్న కారు తీసుకోమన్నారు. అత్తగారు సత్యలక్ష్మి అయితే, ఇందులో నాలుగు బస్తాలు కూడా పట్టవు కదమ్మా అంది. ప్రసన్న నవ్వి ఊరుకుంది. ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఆ ముప్పావుగంట ఎవరికీ ఏదీ లెక్క చెప్పక్కర్లేని సమయం. దాన్ని బస్తాలతో కొలిచి చెప్పడం ఆమెకి రాదు.

మర్నాడు కాకినాడలో మెకానిక్‌కి కారు చూపిస్తే, షాక్ అబ్జార్బర్లు నాలుగూ పోయాయని తేలింది. స్ప్రింగులు బరువు మోస్తాయి, వాటి ఊపుని షాకులు ఆపుతాయి. ఆపేవి అరిగిపోతే చక్రం నేలని వదిలేసి ఎగురుతుంది. ఇన్నేళ్ళ పాత కారుకి అది మామూలే అన్నారు. మార్చడం తప్పదు. అయితే ఏం వేయించాలన్నది ప్రశ్న.

ఆ ప్రశ్న ఆమె డ్రైవింగ్ గ్రూపులో పెట్టింది. కాకినాడ, రాజమండ్రి కుర్రాళ్ళు, ఒకరిద్దరు డాక్టర్లు కలిసి ఆదివారాలు మారేడుమిల్లి ఘాట్‌కి వెళ్ళే వాట్సాప్ గ్రూపు అది. అందులో ఆడమనిషి ఆమె ఒక్కతే. అప్పటికి ఒక్కసారే వెళ్ళింది. సమాధానాలు కుప్పలుగా వచ్చాయి. కంపెనీవే వేయించుకుంటే ఈ కారు ఎందుకు కొన్నట్టు అని ఒకరు. ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేయించండి, తక్కువలో అయిపోతుంది, చూడ్డానికి కూడా నేలకి కరుచుకుని ఉంటుంది అని ఇంకొకరు. ఎక్కువమంది మాత్రం కాయిలోవర్లే అన్నారు. అంటే స్ప్రింగూ షాకూ కలిపి ఒకే సెట్టు. ఎత్తూ బిగువూ మనకి కావలసినట్టు తిప్పుకోవచ్చు. మంచివి ఆమె అనుకున్న ఖర్చుకి రెట్టింపు. చవకరకమైతే అనుకున్నదానికి కాస్త ఎక్కువలో వస్తాయి.

ప్రసన్న చవక కాయిలోవర్ల వైపే మొగ్గింది. నిజానికి ఆ మలుపు దగ్గర పుట్టిన భయానికి ఆమె వెతుక్కున్న మందు అదే. కారు ఎంత గట్టిగా ఉంటే అంత చెప్పినట్టు వింటుందనుకుంది. ఎర్ర కారు కిందికి వంగి నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకుంది కూడా. ఆ సంగతి తనకి తాను ఒప్పుకోవడానికి కాస్త సిగ్గేసింది.

గ్రూపులో అనిల్ కుమార్ అని రాజమండ్రి ఆయన ఉన్నాడు. ఆయన కారుకి అవే కాయిలోవర్లు. కొనే ముందు ఒకసారి కూర్చుని చూడమని పిలిచాడు. ఆదివారం వెళ్తానంటే, తనకీ రాజమండ్రిలో పని ఉందని ప్రవీణ్ కూడా బయల్దేరాడు. ఆ పనేంటో చెప్పలేదు.

అనిల్ కుమార్ హైవే మీద నడిపినంతసేపు ప్రసన్నకి మతిపోయింది. స్టీరింగు తిప్పడం ఆలస్యం, కారు తాడు కట్టి లాగినట్టు తిరుగుతోంది. ఒళ్ళు ఏ పక్కకీ ఒరగలేదు. ఇదే కావాలనుకుంది. తరవాత కొవ్వూరు వెళ్ళే పాత వంతెన ఎక్కారు. కింద రైలు, పైన రోడ్డు. పలకకీ పలకకీ మధ్య అతుకు. ప్రతి అతుకూ వెన్నులోకి వచ్చి తగిలింది. వెనక సీట్లో ప్రవీణ్ తల పైకప్పుకి రెండుసార్లు కొట్టుకుంది. మాట్లాడుతుంటే మాటలు తెగిపోతున్నాయి. గోదావరి నిండుగా ఉన్నా ఎవరూ అటు చూడలేదు.

కొవ్వూరులో టీకి ఆగారు. ఎలా ఉందని అనిల్ కుమార్ అడగలేదు. ప్రవీణ్ సిగరెట్ల కొట్టు వైపు వెళ్ళాక, గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నాడు.

"గ్రూపులో చెప్పలేదండి. మా అమ్మాయి ఈ కారెక్కడం మానేసింది. నేనూ ఆదివారాలే తీస్తున్నాను. రోజూ ఆఫీసుకి బండి మీదే."

"మరి తీయించెయ్యచ్చు కదండి?"

"తీయించెయ్యచ్చు. ఇంత మందికి బాగుంటాయని చెప్పాక తీయించడం ఎలాగా అని." ఆయన నవ్వాడు గాని నవ్వు సరిగా రాలేదు. "ఘాట్ రోడ్డు బాగున్న చోట వీటికి ఎదురు లేదు. మీరు రోజూ తిరిగేది ఏ రోడ్డు మీదో అది చూసుకోండి ముందు."

ప్రసన్న తిరిగే రోడ్డు మీద కోతల కాలంలో ధాన్యం ఆరబోస్తారు. ఇనప చక్రాల ట్రాక్టర్లు ఎక్కి తారు పెచ్చులు లేపేస్తాయి. అలాంటి చోట కారు గట్టిగా ఉండటం కాదు, చక్రం నేలని వదలకుండా ఉండటం కావాలి. ఆ రెండూ ఒకటే అనుకుని ఇన్నాళ్ళూ పొరబడింది. బిగుసుకున్న కారైనా ఆ తూము దగ్గర అలాగే ఎగిరేది. బహుశా ఇంకా పైకి.

తిరుగు ప్రయాణంలో తన కారు తనే నడుపుతూ, రావులపాలెం వైపు వచ్చాక, కాయిలోవర్లు వద్దనుకుంటున్నానని ప్రవీణ్‌తో చెప్పింది. ఎందుకని అడుగుతాడనుకుంది.

"ఆ మలుపు దగ్గర చక్రాలు లేచాయంట కదా" అన్నాడు.

ప్రసన్న కారు పక్కకి తీసి ఆపింది.

తమ కొట్టుకి కొబ్బరికాయలు వేసే బుల్లియ్య ఆ వేళ కాలువ అవతలి గట్టు మీద సైకిలు మీద వెళ్తున్నాడని ప్రవీణ్ చెప్పాడు. ఎర్ర కారు చూసి గుర్తుపట్టి, మర్నాడు పొద్దున్నే కొట్టుకొచ్చి చెప్పాడట. అమ్మగారు క్షేమమేనా అని అడిగాడట. అప్పటికి ప్రసన్న ఆఫీసుకి వెళ్ళిపోయింది.

"అన్ని రోజుల నించీ తెలుసా మీకు?"

"తెలుసు."

"మరి ఒక్క మాట అనలేదేంటండీ?"

ప్రవీణ్ ముందు అద్దంలోంచి రోడ్డు వైపే చూశాడు. "ఏమంటాను? అమ్మెయ్యమంటే అమ్మేసేదానివి. మళ్ళీ బస్సెక్కేదానివి. అందుకే అనలేదు. నువ్వే చెప్తావని చూశాను." సీటు బెల్టు సవరించుకుని, "కాని రోజూ ఆరింటి నించీ గుమ్మం వైపే చూస్తూ కూర్చోవడం కష్టంగా ఉంది ప్రసన్నా" అన్నాడు.

తను దాచింది గొడవ పెట్టుకుంటాడని. అతను దాచింది గొడవ పెట్టకూడదని. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే మలుపు గురించి విడివిడిగా భయపడుతూ గడిపారు. చెయ్యి చాచి అతని మోకాలి మీద వేసింది. లారీలు కారుని ఊపుతూ పక్కనుంచి పోతున్నాయి.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చుని ఏవి వేయించాలో చూశారు. చివరికి ఎంచుకున్నవి ఎత్తు మార్చని మంచి గ్యాస్ షాకులు. స్ప్రింగులు కంపెనీవే ఉంచేశారు. మిగిలిన డబ్బుతో కింద అరిగిన రబ్బరు బుష్‌లు, నాలుగు కొత్త టైర్లు. రెండు వారాలకి సరుకు వచ్చింది. రాజమండ్రిలో బిగించి, చక్రాల అలైన్‌మెంట్ చూసి ఇచ్చారు. బయటికి చూస్తే కారులో ఏ మార్పూ లేదు. గ్రూపులో ఫొటో పెడితే, ఏం మారిందో చూపించండి మేడమ్ అని ఒక కుర్రాడు రాశాడు. అనిల్ కుమార్ మాత్రం విడిగా ఫోన్ చేసి, షాకులు ఎక్కడ తెప్పించారో అడిగి తెలుసుకున్నాడు.

తరవాతి నెల మారేడుమిల్లి వెళ్ళినప్పుడు ప్రవీణ్ కూడా వచ్చాడు. ఘాట్‌లో ప్రసన్న అందరికన్నా ముందు వెళ్ళలేదు, వెనకబడనూ లేదు. నున్నటి మలుపుల్లో కిందికి దించిన కార్లు ఆమెని దాటిపోయాయి. వానలకి కొట్టుకుపోయిన చోట అవి పాకుతూ వెళ్తుంటే ఆమె ఎప్పటిలాగే వెళ్ళింది. అది గెలుపని ఆమెకి అనిపించలేదు. తనకేం కావాలో తెలిసి నడపడం హాయిగా ఉంది, అంతే.

దిగేటప్పుడు రంపచోడవరం దాటాక ప్రవీణ్, కాసేపు తను నడుపుతానన్నాడు. కొన్న నాటి నుంచీ అతను ఆ స్టీరింగు పట్టలేదు. ప్రసన్న తన కారులో ఎడమవైపు కూర్చోవడం అదే మొదలు. ఆ సీట్లోంచి చూస్తే రోడ్డు వేరేగా ఉంది. చెట్లు దగ్గరగా వస్తున్నాయి, లారీలు మీదికి వస్తున్నాయి. ఒక మలుపులో ఆమె కుడికాలు దానంతటదే కిందికి నొక్కుకుంది. అక్కడ బ్రేకు లేదు.

ప్రవీణ్ అది చూశాడు. వేగం కొంచెం తగ్గించాడు.