చేతులు మోకాళ్ల మీద

పెద్ద ప్రొఫెసరు పోయాడని కబురొస్తే తాళాలాయన వెళ్లి చూసి వచ్చాడు. వచ్చి, చొక్కా కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఇక చెప్తానే," అన్నాడు భార్యతో.

ఏమిటని ఆమె అడగలేదు. ఆ ఇంట్లో చెప్పకుండా మిగిలిపోయిన మాట ఒకటే ఉంది.

"ఇన్నేళ్లకు నోరు పెగిలిందా? ఆయన బతికుండగా చెప్తే ఔనో కాదో ఆయనే అనేవాడు. ఇప్పుడు ఎవర్ని పిలుస్తావయ్యా సాక్ష్యానికి?"

"మాటిచ్చాను గదా."

"ఇచ్చావు. మాటతో పాటు కూతుర్నీ ఇచ్చేశావు."

ఆయన దగ్గర దేనికీ పెద్దగా జవాబులుండవు. యూనివర్సిటీలో, మనస్తత్వ శాస్త్రం చెప్పే విభాగంలో, పొద్దున తాళాలు తీసి సాయంత్రం తాళాలు వేసి ఉద్యోగం వెళ్లదీశాడు. నడుముకు గుత్తి వేలాడేది కాబట్టి తాళాలాయన అన్నారు. నోటికి కూడా ఒకటి వేసుకున్నాడ్రా అని పిల్లలు నవ్వుకునేవాళ్లు. ఆయనా నవ్వేవాడు, పళ్లు కనబడకుండా.

ఆ విభాగం పుట్టిననాడు దానికున్నవి రెండే గదులు. ఒకదాంట్లో ప్రొఫెసరు, ఒకదాంట్లో ఎలుకలు. ప్రొఫెసరు చేతిలో ఎప్పుడూ నొక్కితే ఆగే గడియారం ఉండేది. దీపం వెలగ్గానే మీట నొక్కమనేవాడు, ఎవరెంత ఆలస్యం చేశారో చూసుకునేవాడు. రంగుల చక్రం తిప్పి ఏం కనబడింది అనేవాడు. చెక్కలతో సందులు కట్టించి, వాటిలో ఎలుకల్ని వదిలి, ఏది ముందు బయటపడుతుందా అని వంగి చూసేవాడు. ఎవడైనా తుమ్మినా ఎంతసేపు తుమ్మాడో రాసుకుంటాడని, వెనకాల ఆయన్ని గడియారం మాస్టారు అనేవాళ్లు. మొహం మీద మాత్రం ఎవరికీ అంత ధైర్యం లేదు. మనిషి గద్దిస్తే కిటికీ రెక్కలు కదిలేవి.

కాలం మారింది. ఇత్తడి యంత్రాలు అద్దాల బీరువాలోకి పోయాయి. రెండు గదులు మూడంతస్తులయ్యాయి. ఇప్పుడు పైన పిల్లల నెత్తికి తీగల టోపీలు పెట్టి కంప్యూటర్లో గీతలు చూస్తారు. మధ్య అంతస్తులో, ఈ వారం మీరు ఎన్నిసార్లు దిగులుపడ్డారు అని ఫోన్లలో ప్రశ్నలు పంపి జవాబులు లెక్కేస్తారు. కింద ఎలుకల గది సలహా కేంద్రమైంది. పరీక్ష పోయినవాళ్లు, ప్రేమ పోయినవాళ్లు వచ్చి మెత్తటి కుర్చీలో కూర్చుని ఏడ్చి పోతారు. గోడలకు లేతాకుపచ్చ రంగేశారు, మూల పూలకుండీ పెట్టారు. తాళాలాయన ముక్కుకు మాత్రం అక్కడ ఇంకా ఎలుకల వాసనే.

ఈ మూడంతస్తులకూ ఇప్పుడు తాళాలాయన కూతురే పెద్ద. తండ్రి తాళాలు తీసిన గదిలో తను తలుపు దగ్గరేసుకుని కూర్చుంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. విన్నవాళ్లు అదృష్టవంతుడివయ్యా అంటారు. ఆయన తలూపుతాడు.

అసలు సంగతి కూతురికి రెండేళ్లప్పటిది.

తల్లి కాసేపు బయటికెళ్లి తిరిగొస్తే పిల్లలేం చేస్తారో చూసే పని అప్పుడు ఊరూరా జరుగుతోంది. అందరూ తల్లుల్ని చూస్తుంటే మనం తండ్రుల్ని చూద్దాం, పేరొస్తుంది అన్నాడు గడియారం మాస్టారు. ఒక గదికి అద్దం బిగించారు. లోపలివాళ్లకు అది అద్దం. బయట చీకట్లో నిలబడ్డవాళ్లకు కిటికీ. కిటికీ దగ్గర సినిమా కెమెరా. పిల్లలు పారిపోకుండా తలుపుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో చెప్పక్కర్లేదు.

మాస్టారు పెట్టిన షరతు ఒకటుంది. తండ్రి తిరిగొచ్చాక కుర్చీలో కూర్చోవాలి. చేతులు మోకాళ్ల మీద పెట్టుకోవాలి. పిలవకూడదు, చేతులు చాపకూడదు. పిల్ల తనంతట తను వస్తుందా రాదా, ఎంతసేపటికి వస్తుంది, అదీ ఆయనకు కావలసింది. బతిమాలగా బతిమాలగా నలుగురైదుగురు తండ్రులొచ్చారు. ఒక్కడూ మాట వినలేదు. తలుపు తెరుచుకుంటే చాలు, ఏడుస్తున్న పిల్లను ఎగబడి ఎత్తుకున్నారు. ఒకాయనైతే మాస్టార్ని తిట్టి మరీ పోయాడు. మాస్టారు మండిపడి ఆ రీళ్లన్నీ చెత్తలో పడేయించాడు. పడేసింది తాళాలాయనే.

"నీకూ పిల్లుంది కదోయ్," అన్నాడు మాస్టారు ఆ సాయంత్రం.

జీతం ఇచ్చేవాడి దగ్గర లేదని ఎలా అంటాడు? మర్నాడు పిల్లకు తల దువ్వి తీసుకెళ్లాడు. పిల్ల చెక్కముక్కలతో ఆడుకుంటుంటే, దీపం వెలగ్గానే లేచి బయటికొచ్చి తాళం వేశాడు. తలుపు చప్పుడుకు పిల్ల తిరిగి చూసింది. ముందు పిలిచింది. తర్వాత ఏడ్చింది. తర్వాత తలుపు కిందికి వేళ్లు దూర్చింది. ఆ వేళ్లు బయట ఆయన చెప్పుల దగ్గరికొచ్చాయి. ఆయన చెయ్యి నడుము మీదికి పోయింది.

"తాళంచెవి ఇలా ఇవ్వు," అన్నాడు మాస్టారు, కళ్లు అద్దం మీంచి తీయకుండా.

ఇచ్చాడు.

ఇక చాలనుకున్నప్పుడు మాస్టారే తలుపు తీశాడు. తాళాలాయన లోపలికెళ్లి కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పిల్ల చూసింది. ఒకడుగు వేసింది. ఆ చేతులు లేవలేదు. ఆగిపోయింది. వెళ్లి గోడవైపు తిరిగి చెక్కముక్కలు పేర్చుకుంది. ఇక ఇటు చూడలేదు.

కెమెరా ఆగాక ఆయన పిల్లను ఎత్తుకుని వరండా పొడుగునా తిరిగాడు. అది సినిమాలో లేదు.

"నేను చెప్పి కూర్చోబెట్టానని ఎక్కడా అనకు. అన్నావా, దీనికి విలువుండదు. మాటివ్వు," అన్నాడు మాస్టారు. ఇచ్చాడు. ఆ రోజుల్లో ఆయన ఏదడిగితే అది ఇచ్చేవాడు.

ఆ సినిమాకు నిజంగానే పేరొచ్చింది. ఏటేటా క్లాసులో వేశారు. మొదట్లో పిల్లను చూడమని వేసేవారు. రానురాను కొత్తగా వచ్చినవాళ్లకు షరతు సంగతి తెలియదు, చెప్పాల్సిన మాస్టారు చెప్పడు. వాళ్లు తండ్రిని చూడటం మొదలుపెట్టారు. ఎంత గడ్డకట్టిన మనిషో చూడండి అన్నారు.

కూతురు అదే చదువులో చేరింది. ఒకరోజు క్లాసులో దీపాలార్పి సినిమా వేశారు. ఆ కుర్చీలో నాన్న.

ఇంటికొచ్చి తల్లినడిగింది. ఆ రోజు భర్త తన ఒక్కదానికే చెప్పిన సంగతి తల్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

"నువ్వు ఆయన్ని వెనకేసుకురావడం ఎప్పుడూ ఉన్నదేలే అమ్మా. ఆయన్ని చెప్పమను."

ఆయన పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. కూతురొచ్చి ఎదురుగా నిలబడింది. "మాస్టారు చెప్తేనే అలా కూర్చున్నావా, నాన్నా? ఔనా, కాదా?"

చెంబులో నీళ్లయిపోయేదాకా ఆయన తల ఎత్తలేదు. ఎత్తి, "అది పని," అన్నాడు.

అంతే అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఆయన్ని మీరు అంటోంది. మర్యాదకని ఇరుగుపొరుగు అనుకున్నారు. తర్వాత చేతులు చాపని తండ్రుల మీద పెద్ద పుస్తకమంత థీసిస్ రాసింది. దాంతోనే డాక్టరైంది, దాంతోనే పెద్దకుర్చీ ఎక్కింది.

ఇప్పుడు విభాగానికి అరవై ఏళ్ల పండగ చేస్తున్నారు. పాత రీలు శుభ్రం చేయించి పెద్ద తెర మీద వేస్తారట. ఆనాటి సిబ్బందిలో మిగిలినవాడు తాళాలాయనే కాబట్టి ముందు వరసలో కుర్చీ వేశారు.

"సినిమా వేయకముందే చెప్పు. వేశాక చెప్తే సంజాయిషీలా ఉంటుంది," అంది భార్య. మోకాళ్లు సహకరించక ఆమె వెళ్లలేదు. చొక్కా గుండీలు మాత్రం తనే పెట్టింది. "వెళ్లి మళ్లీ అది పని అని రాకు."

పొద్దున్నే వెళ్లాడు. కూతురు గదిలో ఒక్కతే ఉంది. అద్దాలు ముక్కు మీదికి జార్చి ఏదో చదువుకుంటోంది.

"ఏంటి నాన్నా, ఇంత ముందొచ్చారు? టిఫిన్ చేశారా?"

"ఒక మాట చెప్పాలమ్మా."

ఆమె కాగితం పక్కన పెట్టింది. ఆయన నిలబడే చెప్పాడు. బతుకంతా కలిపి మాట్లాడినంత ఒక్కసారే మాట్లాడాడు. షరతు చెప్పాడు. తలుపు కింద వేళ్లు చెప్పాడు. తాళంచెవి అడిగితే ఇచ్చానని చెప్పాడు. చెత్తలో పడేసిన రీళ్లు చెప్పాడు. వరండా చెప్పాడు.

ఆమె మధ్యలో అడ్డు రాలేదు. తల కొంచెం పక్కకు వంచి, మెల్లగా ఊపుతూ వింది. ఆ ఊపడం ఆయనకు తెలుసు. కింద సలహా కేంద్రంలో ఏడ్చేవాళ్ల ముందు అలాగే ఊపుతారు.

"చెప్పినందుకు సంతోషం నాన్నా. ఇన్నాళ్లు మీకెంత బరువుగా ఉందో అర్థమవుతోంది."

"బరువు కాదమ్మా. నిజం."

"మీరు అబద్ధమాడుతున్నారని నేననట్లేదు. జ్ఞాపకమంటే బీరువాలో దాచిన బట్ట కాదు నాన్నా. తీసిన ప్రతిసారీ మళ్లీ నేస్తాం. ఏళ్లు గడిచేకొద్దీ మనం ఓర్చుకోగలిగేలా నేసుకుంటాం. ఎవరో చెప్పారు, నేను చేశాను అనుకుంటే మనిషికి కాస్త హాయి. ఇది అందరికీ జరిగేదే. దీనికి సిగ్గుపడక్కర్లేదు."

"మాస్టారే చెప్పాడమ్మా."

"మిగతా రీళ్లున్నట్టు ఎక్కడా రాసి లేదు. నేను ఆయన్ని ఎన్నోసార్లు అడిగాను. ఎవరికీ ఏమీ చెప్పలేదన్నారు."

"మాట తీసుకున్నాడు."

"ఆయన పోయేదాకా ఆగి చెప్తున్నారు." ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను అడిగాను నాన్నా. పెరట్లో. ఆ రోజు ఔనని ఒక్క మాటంటే నేను ఈ థీసిస్సే రాసేదాన్ని కాదు. ఇప్పుడు ఔనంటే నేనేం చేయను? ఇదంతా ఎవరి గురించి రాశానని చెప్పను?"

ఆయనకు ఒక్క క్షణం పిల్ల కనబడింది. ఒకడుగు ముందుకేసి ఆగిన పిల్ల. చెయ్యి చాపుదామనుకున్నాడు. మధ్యలో బల్ల ఉంది. బల్ల చుట్టూ తిరిగి వెళ్లొచ్చు, ఎంతో దూరం లేదు. ఆలోగా ఎవరో తలుపు తోసి, "మేడమ్, అతిథులొచ్చేశారు," అన్నారు. ఆమె కళ్లజోడు తుడుచుకుని లేచింది.

హాలు నిండిపోయింది. దీపాలార్పారు. తెర మీద కుర్రాడైన తాళాలాయన కుర్చీలో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద. రీలు ఎంత శుభ్రం చేశారంటే వేళ్ల గోళ్లు కూడా కనబడుతున్నాయి. కూతురు మైకు దగ్గర నిలబడి చెబుతోంది.

"ఇప్పుడు చూడండి. పిల్ల ఆయనవైపు అడుగేస్తుంది. ఆయన పిల్లను చూడడు. ఇక్కడ ఆపండి."

బొమ్మ ఆగింది. తెర మీది మనిషి మొహం పక్కకు తిరిగి ఉంది. పిల్లను కాదు, గోడనున్న అద్దాన్ని చూస్తున్నాడు.

"తనను తనే చూసుకుంటున్నాడు," అంది కూతురు. "పిల్ల దగ్గరికొస్తున్న ఆ ఒక్క క్షణంలో. నా పని మొత్తం ఈ చూపుతోనే మొదలైంది."

ముందు వరసలో కూర్చున్నాయనకు మాత్రం ఆ చూపు ఎవరికోసమో తెలుసు. అద్దం వెనక మాస్టారున్నాడు. ఇక ఎత్తుకోమంటారా అయ్యా, అని అడగడం అది. జవాబు రాలేదు.

దీపాలు వెలిగాయి. చప్పట్లు కొట్టారు. ఫొటో దిగుదాం రండి అని పిలిచారు. ఆయన లేవలేదు. వెనక ఎవరో కుర్రది ముసిముసిగా, "చూడవే, ఇప్పటికీ అలాగే కూర్చున్నాడు," అంది. ఆయన కిందికి చూసుకున్నాడు. చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. తనెప్పుడు పెట్టాడో తెలియదు.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"జ్ఞాపకం అంది."

"అంటే?"

"నేను నేసుకున్నానట."

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి మొహం ఎర్రబడింది. "రేపు నేనే వెళ్తా, పాక్కుంటూ అయినా. ఆ రోజు పిల్లనెత్తుకొచ్చి సాయంత్రం దాకా కింద దింపలేదు నువ్వు. చేతులు ఖాళీ లేక నీ నోట్లో ముద్దలు నేనే పెట్టాను. అది నా కళ్లతో చూశాను. అదీ నేశానంటుందా?"

"వెనకేసుకొస్తున్నావంటుంది."

ఫోను మోగింది. కూతురు. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఊ అన్నాడు, సరే అన్నాడు, పెట్టేశాడు.

"ఏమిటట?" భార్య గొంతులో ఇంకా కొంచెం ఆశ ఉంది.

"సోమవారం రమ్మంది. నాతో మాట్లాడ్డానికి మంచి మనిషిని చూసిందట."

"తను మాట్లాడదా?"

"సొంతవాళ్లతో మాట్లాడకూడదట, వాళ్ల పనిలో."

"ఎక్కడికి రమ్మంది?"

"ఎలుకల గదికి."

"వెళ్తావా?"

ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

"రమ్మంది గదా," అన్నాడు.