ఈశ్వరికి ఏ కాలం ఇష్టం

ఈశ్వరి డాబా మీద వడియాలు పెడుతుంటే ఉమాశంకర్ ఫోను పట్టుకొచ్చి పిట్టగోడ మీద కూర్చున్నాడు. వారం రోజులుగా మొగుడికి ఇదే పని. జపాన్‌లో కొండల మధ్యనున్న ఓ ఊరి వాతావరణం వెతకడం, చదివి పెళ్ళానికి వినిపించడం. ఆ ఊళ్ళో ముసలివాళ్ళను చూసుకునే నర్సు ఉద్యోగానికి ఈశ్వరికి ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. వెళ్ళొద్దని అతను నోటితో అనడు. ఎండావానల చేత అనిపిస్తాడు.

"జనవరిలో మంచు నడుం లోతంట. మార్గశిరం సలికే వణికిపోతాం మనం" అన్నాడు.

మనం! మార్గశిర లక్ష్మివారాలు తెల్లారకుండానే తలకి పోసుకుని, చన్నీళ్ళతో వాకిలి కడిగేది తను. దుప్పట్లోంచి టీ అడిగేది ఆయనగారు. మంచు కరిగితే బురదట, జూన్‌లో ముసురట, ఏ నెల చూసినా ఏదో ఒక గండమే. అత్త గురమ్మ అయితే, సలికి సేతులు పగిలిపోతే తిరిగొచ్చి ఏటి సేసి పెడతావే అని అడిగింది. భయం లేదని కాదు. ఉంది. రాత్రికి రాత్రే వద్దనుకుని, పొద్దునకి మళ్ళీ జపనీస్ పుస్తకం తీసిన రోజులున్నాయి.

నిన్నటి క్లాసులో టీచరు శ్రావణి, మీ ఊరి కాలాల గురించి జపనీస్‌లో చెప్పమంది. ఈశ్వరి గడగడా చెప్పేసింది. ఎండాకాలం చింతపండు పిక్కలు తీస్తాం, ఆవకాయ పెడతాం. వానల్లో వరి ఉడుపుల కూలీలకు అన్నం మోస్తాం, ఆరని బట్టలు వంటింట్లో ఆరేస్తాం. తుపానొస్తుందంటే ముందే నీళ్ళు పట్టి ఉంచుతాం, ధాన్యం బస్తాలు పైకెక్కిస్తాం. శ్రావణి అంతా విని, "తప్పుల్లేవు ఈశ్వరీ. కానీ ఇందులో వాతావరణం ఏది? అన్నీ నీ పనులే కదా" అంది.

ఆ మాట అప్పట్నుంచి లోపల మెసులుతూనే ఉంది. ఊహ తెలిసినప్పట్నుంచి ఆకాశం చూస్తూనే ఉంది. వడియాలు తడుస్తాయా, కళ్ళంలో ధాన్యం తడుస్తుందా అని. ఊరికే, చూడాలనిపించి ఎప్పుడైనా చూసిందా? గుర్తు రాలేదు. తన మీద తనకే జాలేసింది, ఆ వెనకే ఒళ్ళు మండింది.

సాయంత్రం ఫోను ముందు కూర్చుంది. తెరకు కనపడకుండా ఉమాశంకర్, గుమ్మంలో గురమ్మ. అవతల ఒక పెద్దావిడ ఉద్యోగం సంగతులన్నీ అడిగి, చివర్లో నవ్వుతూ ఇంకోటి అడిగింది. దానికి బట్టీ పట్టిన జవాబు ఉంది, వసంతమని, పూలని. అది నోటిదాకా వచ్చింది. ఈశ్వరి మింగేసి, వెతుక్కుంటూ వేరే మాటలు చెప్పింది. పెద్దావిడ తల వంచి నమస్కరించింది. తెర ఆరిపోయింది.

"సివర్లో ఏటడిగిందే?" అన్నాడు ఉమాశంకర్.

"నాకే కాలం ఇష్టమని."

"అలాటివి కూడా అడుగుతారేటి?" అంది గురమ్మ. కోపంగా కాదు, వింతగా. "నన్నెవులూ అడగనేదు" అని గొణుక్కుంది.

"మరి నువ్వేటన్నావు?"

ఈశ్వరి మొగుడి కళ్ళల్లోకి చూసింది.

"ఇంకా తెల్దన్నాను బావా. వస్తన్నాను, సూసి సెప్తానన్నాను."