ఫైల్లోని కొడుకు

"నువ్వు చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు, నాలుగు ఉత్తరాలు రాసిపెట్టు చాలు," అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడి చొక్కా చేతులు మడుచుకుంటూ.

ఆ సమయానికి ఆమె చేతులు రెండూ అత్తగారి వీపు కింద ఉన్నాయి. ఒక చెయ్యి భుజానికీ, ఒక చెయ్యి నడుముకీ ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆ శరీరాన్ని ఎడమవైపుకి తిప్పుతోంది. ఆ పనిలో ఉండగా మాట్లాడితే పట్టు జారుతుంది. అందుకే జవాబివ్వలేదు. జవాబు రాకపోవడాన్ని అతను ఎప్పటిలాగే ఒప్పుకోలుగా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో "పెద్దగా ఏమీ లేదు" అన్నవన్నీ ఆమె వాటాకే వచ్చేవి. పెద్దవేవో అతని వాటాకి వెళ్ళేవి. అవేమిటో ఇన్నేళ్ళలోనూ ఆమెకి స్పష్టంగా తెలిసిరాలేదు.

అతనికి విదేశంలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళి కొన్ని వారాలు గడిపి రావాలని కోరిక. కిందటిసారి పెట్టుకున్న వీసా దరఖాస్తు తిరిగొచ్చింది. గడువు తీరాక స్వదేశానికి వస్తారన్న నమ్మకం మాకు కలగలేదు అని ఒకే ఒక్క వాక్యంలో తేల్చేశారు. అతను బీమా కంపెనీలో క్లెయిముల విభాగానికి అధికారి. చేతికి కట్టుతో వచ్చినవాణ్ణి కూడా దెబ్బ తగిలిందనడానికి సాక్ష్యం ఏదని అడగడం అతని వృత్తి. అలాంటివాణ్ణి పట్టుకుని ఇంకొకరు సాక్ష్యం అడిగేసరికి అభిమానం దెబ్బతింది. "నన్ను చూస్తే పారిపోయేవాడిలా కనిపిస్తున్నానా?" అని వారం రోజులు ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగాడు. చివరికి పాలవాణ్ణి కూడా అడిగాడు. వాడు ఆలోచించి, "లేదు సార్, మీరు అంత పరిగెత్తలేరు," అన్నాడు.

అప్పుడు దొరికాడు వీసా సలహాదారు. ఆమె మనసులో ఆయనకి కాగితాలాయన అని పేరు పెట్టుకుంది. ఇంటి వివరాలు అడుగుతూ అడుగుతూ, మంచం పట్టిన తల్లి ఉందని వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "ముందే చెప్పొద్దూ సార్! లేవలేని తల్లి, ఒక్కగానొక్క కొడుకు. ఆవిడ సేవంతా మీ చేతిమీదుగానే జరుగుతోందని చూపిస్తే, మీరు తిరిగి రారని ఏ వీసా ఆఫీసరంటాడు?" భర్త కూడా తల ఊపాడు. పక్క కుర్చీలో ఆమె ఉంది. ఆ సేవ చేసే మనిషి ఆ గదిలోనే ఉందని వాళ్ళిద్దరిలో ఎవరికీ తోచలేదు. తోచి ఉంటే కనీసం కాస్త సిగ్గుపడి ఉండేవారు, అదీ జరగలేదు.

ఆమె ఒకప్పుడు కాలేజీలో చరిత్ర చెప్పేది. ఏ పాత పత్రం చేతికొచ్చినా ముందు అందులో ఎవరు ఉన్నారని కాదు, ఎవరు లేరని చూడమని పిల్లలకి నేర్పేది. కోట కట్టించినవాడి పేరు ఉంటుంది, మట్టి మోసినవాళ్ళది ఉండదు, ఆ ఖాళీని చదవడమే మన పని, అనేది. అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు ఆ ఉద్యోగం మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. "అమ్మ లేచి నాలుగడుగులు వెయ్యనీ, ఆ తర్వాత చూద్దాం," అన్నాడు భర్త. ఆవిడ లేవలేదు, ఆ తర్వాతా రాలేదు. పగలు ఒక మనిషిని పెట్టుకుందామని ఆమె అంటే, "మా అమ్మ మీద పరాయి చెయ్యి పడటానికి వీల్లేదు," అని ఎంత గట్టిగా అన్నాడంటే, ఆ క్షణంలో అది తల్లి మీద ప్రేమేమో అని ఆమె కూడా నమ్మింది. తను ఈ ఇంటికి వచ్చేదాకా పరాయిదే కదా అని తర్వాతెప్పుడో, గిన్నెలు తోముతుండగా తట్టింది.

ఇప్పుడు డిపార్ట్‌మెంట్ హెడ్ ఫోన్ చేసింది. ఈ టర్మునుంచి ఒక ఖాళీ ఉంది, శుక్రవారంలోగా ఏ సంగతీ చెప్పు, ఈసారి వదిలేస్తే ఆ పోస్టు ఇంకెవరికో శాశ్వతంగా వెళ్ళిపోతుంది, అంది. భర్తకి చెబితే, "నేను వెళ్ళొచ్చాక ఆలోచిద్దాం. ఉద్యోగాలెక్కడికి పోతాయి!" అని పేపరు తిప్పాడు.

ఆమె ఉత్తరాలు రాయడానికి కూర్చుంది. మొదటిది భర్త తరఫున. ఉదయం లేవగానే మా అమ్మకి ముఖం కడిగి పరగడుపున మాత్ర వేస్తాను. మధ్యాహ్నం ఎడమకి, సాయంత్రం కుడికి తిప్పి పడుకోబెడతాను. మోకాళ్ళ మధ్య చిన్న దిండు పెట్టి, మడమలు పరుపుకి తగలకుండా చూస్తాను. తల దువ్వేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు మా చిన్నప్పటి ఇంటి కబుర్లు చెబుతుంది. వాక్యాలు తడుముకోనక్కరలేకుండా వచ్చాయి. రోజూ చేసేవే, చేసే మనిషిని మాత్రం మార్చింది. అలా మార్చినప్పుడల్లా ఏదో సన్నగా, వంటింట్లో కత్తికి వేలు తెగినట్టు, ముందు నొప్పి తెలియకుండా తెగింది.

భర్త ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బాగా రాశావోయ్," అన్నాడు. "చదువుతుంటే నాకే నా మీద గౌరవం కలిగింది."

అతను వెక్కిరించలేదు. నిజంగానే అన్నాడు. అదే ఆమెని ఆ రోజంతా వేధించింది.

రెండోది అత్తగారి తరఫున. ఆవిడ సంతకం కావాలి. ఆమె మంచం పక్కన కూర్చుని, తల వంచుకుని చదివి వినిపించింది. నా కొడుకు దగ్గర లేకపోతే నాకు పూట గడవదు. నన్ను ఎత్తి కూర్చోబెట్టేదీ, శుభ్రం చేసేదీ వాడే.

అత్తగారు ముక్కున వేలేసుకుంది. "ఎవడు వాడు? నేను కన్నవాడేనా?"

"వీసా కోసం అత్తయ్యా."

"రాసిందెవరు?"

"నేనే."

ఆవిడ కోడలి ముఖంలోకి చూసింది. "కాగితంలోంచి నిన్ను నువ్వే కొట్టేసుకున్నావన్నమాట," అంది. ఆ తర్వాత కలం అందుకుని, వంకర్లు తిరిగిన వేళ్ళతో మెల్లగా, పూర్తి పేరు సంతకం చేసింది. కొడుకు ఆశ మీద నీళ్ళు చల్లలేదు. కలం మూత పెట్టి ఇస్తూ మాత్రం అంది: "ఈ వయసులో నాచేత అబద్ధానికి సంతకం పెట్టించావు. దీన్ని నిజం చేస్తావో, నన్ను అబద్ధాలకోరుగానే పోనిస్తావో, నీ ఇష్టం అమ్మాయ్."

'అమ్మాయ్' అనే పిలుపు ఆ ఇంట్లో గోడగడియారం లాంటిది. నీళ్ళకి అమ్మాయ్, దోమకి అమ్మాయ్, నిద్రపట్టకపోతే అమ్మాయ్. దాని చుట్టూనే ఆమె రోజు తిరిగేది. ఆ పూట మొదటిసారి ఆ పిలుపులో పని ఏదీ లేదు.

మూడోదీ నాలుగోదీ కూడా పూర్తిచేసుకుని కాగితాలాయన దగ్గరికి వెళ్ళారు. ఆయన భర్త ఉత్తరానికి మురిసిపోయాడు, తల్లి ఉత్తరానికి లొట్టలేశాడు, అక్క పంపవలసిన ఆహ్వానానికి తల పంకించాడు. భార్య ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు బల్లమీద పెట్టేశాడు.

"మేడమ్, ఇక్కడే దెబ్బ తింటాం. మీరు ఇంట్లోనే ఉంటారని రాశారు."

"ఉంటాను కదండీ."

"మీరుంటే ఇంకేం? కోడలు చూసుకుంటోందిగా, కొడుకు రాకపోతే మాత్రం ఏం కొంప మునిగింది, అంటాడు ఆఫీసరు. మీరు ఇంట్లో ఉన్నంతకాలం సార్ తిరిగి రావాల్సిన అవసరమే కనిపించదు."

ఎవరో ఎక్కడో కూర్చున్న పరాయి మనిషి, ఎన్నడూ తన ముఖం చూడనివాడు, ఆ కాగితంలో తనున్న చోటుని కనిపెడతాడట. ఈయనేమో ఉందని తెలిసే, లేకుండా చెయ్యమంటున్నాడు.

"మేడమ్‌కి ఉద్యోగం ఏదైనా చూపించగలరా?" అడిగాడు కాగితాలాయన.

"ఓ, దానికేం!" భర్త హుషారుగా ముందుకి వంగాడు. "కాలేజీవాళ్ళు రమ్మని వెంటపడుతున్నారు. ఆ నియామకం ఉత్తరం తెచ్చుకోవోయ్. చేరక్కర్లేదులే, నేను వెళ్ళాక ఏదో సాకు చెబుదువుగాని."

"మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్తే పగలు అమ్మగారి దగ్గర ఎవరుంటారు?"

"ఓ మనిషిని కుదిర్చినట్టు ఏజెన్సీ నుంచి కాగితం తెస్తాను. నేను లేనన్నాళ్ళూ రాత్రులు కూడా ఉంటుందని రాయిద్దాం. ఉదయం ఆలస్యంగా రావడానికి మా బాస్‌చేత అనుమతి కూడా రాయిస్తాను. సరేనా?"

ఆమె ఉద్యోగం, పరాయి మనిషి, పొద్దున అతను ఇంట్లో ఉండటం, ఇన్నాళ్ళూ వీలుపడని మూడు సంగతులు ఒక్క పూటలో వీలయ్యాయి. ఆమె భర్త ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. మెట్లు దిగుతుంటే, "ఏంటలా ఉన్నావ్?" అన్నాడు. "ఏం లేదు," అంది. నిజానికి అప్పటిదాకా ఆమె అవన్నీ జరగని పనులనుకుంది. గట్టిగా అడగకపోవడం తన తప్పేనేమో అని కూడా ఎన్నోసార్లు తనని తాను తిట్టుకుంది. జరగని పనులు కావవి. ఆమె కోసం జరగనివి.

ఆఫీసరు ఫోన్ చేసి ప్రశ్నలు వెయ్యవచ్చు, సిద్ధంగా ఉండండి, అని కాగితాలాయన హెచ్చరించాడు. దాంతో భర్త పరీక్షకి కూర్చున్నట్టు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె ఆఫీసరు అయింది.

"మీ అమ్మగారికి పొద్దున మొదట వేసే మాత్ర ఏది?"

"బీపీది."

లోపలి గదిలోంచి గొంతు ఖంగుమంది. "థైరాయిడ్‌ది రా నాయనా! నాకు బీపీ ఎప్పుడుంది, నీ పదో తరగతి రిజల్ట్ రోజు తప్ప!"

"దాంతోపాటు కాల్షియం మాత్ర వెయ్యవచ్చా?" అంది ఆమె నవ్వకుండా.

"వెయ్యొచ్చు. బలానికే కదా."

"వెయ్యకూడదు. మొదటిది పనిచెయ్యదు. మధ్యాహ్నం భోజనంతో వెయ్యాలి. పక్కకి తిప్పేటప్పుడు ముందు ఎక్కడ పట్టుకుంటారు?"

"ఇవి కూడా అడుగుతారా ఏమిటి?"

"రోజూ చేస్తున్నానని రాశారుగా."

"రాసింది నువ్వు!"

అన్నాక అతనే ఆగిపోయాడు. ఆమె లేచి, "రండి, చేసి చూపిస్తాను. చేత్తో చేస్తే గుర్తుంటుంది," అంది.

మొదటిసారి తిప్పినప్పుడు అతను భుజం పట్టి లాగాడు, తల్లి కెవ్వుమంది. రెండోసారి నడుము కింద చెయ్యి వేశాడు. తిప్పాక మడమ దగ్గర ఎర్రగా కందిన మచ్చ చూసి, "ఇదేమిటి, ఇలా ఎప్పటినుంచి?" అన్నాడు. "వచ్చి, తగ్గి, మళ్ళీ వస్తుంది," అంది ఆమె. అతను అక్కడే కూర్చుండిపోయాడు. "ఇంత పని ఉంటుందని నువ్వెప్పుడూ చెప్పలేదే," అన్నాడు. ఆమెకి చెప్పిన సందర్భాలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. నడుము పట్టేసిన రోజు, జ్వరంతో నిలబడలేని రోజు, చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేకపోయిన రోజు. అతను వినలేదని కాదు. విన్నాడు. అయ్యో అన్నాడు. కాఫీ అడిగాడు.

వారమంతా ఆ పరీక్ష సాగింది. అతను తెలివైనవాడు, త్వరగానే పట్టుబడింది. గురువారానికి తల్లి కేకలు పెట్టడం మానేసింది.

శుక్రవారం పొద్దున ఫైలు సిద్ధమైంది. కాలేజీ నియామకం ఉత్తరం, ఏజెన్సీ కాగితం, బాస్ అనుమతి, అన్నీ వరసగా ఉన్నాయి. మిగిలింది భార్య ఉత్తరం మీద సంతకం. ఆమె మళ్ళీ ఒకసారి చదివింది: నేను కాలేజీలో పూర్తికాలం బోధిస్తున్నాను, అందువల్ల మా అత్తగారి సంరక్షణ బాధ్యత నా భర్తదే. సోమవారం ఆ ఉత్తరాన్ని ఇలా తిరగరాసినప్పుడు అది అబద్ధం. ఆమె సంతకం చేసి, తేదీ వేసి, ఫైలు మూసి అతని చేతికిచ్చింది. తర్వాత భుజానికి సంచి తగిలించుకుంది. సంచిలో పాత నోట్సు ఉంది, కొత్త సుద్దముక్కల పెట్టె ఉంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"కాలేజీకి. చేరతానని హెడ్‌గారికి నిన్న చెప్పాను. మీరు కుదిర్చిన మనిషి పది గంటలకి వస్తుంది, నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. అప్పటిదాకా మీరున్నారుగా, బాస్ అనుమతి ఇచ్చారు కదా."

అతను ఫైలు వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాడు. "అవన్నీ... అవన్నీ వీసా కోసం రాసుకున్న కాగితాలు కదా!"

"అందుకేనండీ," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ. "ఆఫీసరు ఎప్పుడు ఫోన్ చేస్తాడో తెలియదు. చేసినప్పుడు నేను ఇంట్లో ఉండకూడదు."

తలుపు తీసేసరికి లోపలి గదిలోంచి పిలుపు వినిపించింది. అలవాటుకొద్దీ ఆమె కాలు వెనక్కి తిరగబోయింది. అత్తగారు రెండోసారి, వీధిగుమ్మం దాకా వినపడేలా, మరింత గట్టిగా పిలిచింది.

"ఒరేయ్ నాన్నా! నా మాత్ర వేళయింది."