మసకేసిన కవచం

భ్రమరాంబకు రేపల్లెలో సన్మానం అనగానే చుట్టాలంతా పట్టుచీర కొందామన్నారు. హరిచందన మాత్రం బొమ్మ చేసిస్తానంది. నోరు జారాక గాని తన వేళ్ల సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

తెనాలి భ్రమరాంబ ఆమెకు పెద్దమ్మ. పద్యనాటకాల్లో మగవేషం కట్టి, కవచం తొడిగి స్టేజీ ఎక్కిందంటే నిజం మీసాలున్న నటులు కూడా పక్కకు తప్పుకునేవారు. హరిచందన ఉద్యోగం బాపట్లలో, ఒక కాలేజీ లైబ్రరీలో. ఒకప్పుడు బొటనవేలంత బొమ్మలకు కనురెప్పలు సైతం దిద్దిన చెయ్యి ఆమెది. ఇంతలో క్యాన్సరు వచ్చింది. మందులు ప్రాణం నిలబెట్టాయి గాని వేళ్ల కొసలు మొద్దుబారాయి. కుంచె పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు.

ఆ రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నది పెద్దమ్మే. వాంతి వస్తే దోసిలి పట్టింది. జుట్టు రాలితే, "విగ్గు పెట్టుకోవడం నేను నేర్పుతాలేవే, నాకంటే అనుభవం ఎవరికుంది?" అని నవ్వించింది. దానికి థాంక్స్ అన్న మాట ఏ మూలకొస్తుంది? అందుకే బొమ్మ. కవచం తొడిగిన పెద్దమ్మ బొమ్మ, బొటనవేలంతది.

అటక మీది రంగుల పెట్టె కిందికి దిగింది. కుంచెకు గుడ్డపేలిక చుట్టి, లావు చేసి పట్టుకుంది హరిచందన. ముందు ప్లాస్టిక్ చెంచాల మీద ప్రయోగాలు. తెల్లపూత మీద వెండిరంగు వేస్తే ఇంటి గేటుకు వేసినట్టుంది. నల్లరంగు పూసి, తడి తుడిచేసిన కుంచెతో దానిమీద వెండి రాసి చూసింది. చెంచా కాస్తా ఇనుమైపోయింది! ఆ ఉత్సాహంతో బొమ్మ మలిచి, రంగులు మొదలుపెట్టింది. గాట్లలో పల్చగా గోధుమరంగు, అంచులకు కాస్త నీలం. కవచం తళుక్కుమంది. వేళ్లు మరిచినా కళ్లు మరవలేదు దేవుడా అనుకుని, ఒక్కతే కూర్చుని కరువుతీరా ఏడ్చింది.

ఇక మిగిలింది వార్నిష్ కొట్టడమే. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరికే అనలేదు. ముసురు పట్టి, సముద్రం మీంచి తడిగాలి కొడుతున్నా ఆగకుండా కొట్టేసింది. ఆరేసరికి కవచమంతా తెల్లగా మసకేసింది. మళ్లీ చేద్దామంటే సన్మానం మర్నాడే.

పొద్దున్నే రైల్లో తెనాలి వెళ్లింది. బొమ్మ ఉన్న డబ్బాను సంచిలో వేసుకున్నా ఇవ్వకూడదనే నిశ్చయించుకుంది గాని, పెద్దమ్మ ముందు దాపరికాలు సాగుతాయా? సంచిలో చెయ్యిపెట్టి డబ్బా తీసేసింది ఆవిడ. బొమ్మను వెలుగులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చెడిపోయింది పెద్దమ్మా. నిన్నటిదాకా భలే మెరిసిందే."

"ఏంటి మెరిసేది? మా కవచం ఎప్పుడు మెరిసిందే? అట్టముక్కల మీద సిగరెట్టు పెట్టెల్లో వెండి కాగితం అంటించేవాళ్లం. యుద్ధం సీనుకొచ్చేసరికి చెమట పట్టి ఇదిగో, ఇట్టాగే మసకేసేది." ఆవిడ బొమ్మ కవచాన్ని వేలితో తడిమింది. "అందరూ నన్ను ఫొటోలో చూశారే. నువ్వు తెర వెనకాల చూశావు."

"నేను చూడలేదు పెద్దమ్మా. గాలికి అలా అయింది."

"అయితే ఆ గాలికి కూడా దణ్ణం పెట్టుకుందాం."

హరిచందన ఆవిడ ఒళ్లో తల పెట్టేసింది. "నువ్వు లేకపోతే నేను లేను."

"ఊరుకోవే, రైలుకి టైమైంది. చీర నలుగుద్ది," అంది పెద్దమ్మ, తల నిమురుతూనే.

సాయంత్రం రేపల్లెలో శాలువా కప్పారు, దండ వేశారు, ధగధగలాడే పెద్ద షీల్డు ఇచ్చారు. షీల్డు అందుకున్న మరుక్షణమే భ్రమరాంబ దాన్ని హరిచందన చేతుల్లో పెట్టేసింది. ఆ రోజు తీసిన ఏ ఫొటోలో చూసినా ఆవిడ కుడి గుప్పిట మూసే ఉంది.