సరోజన బ్లాగుకు నేను చేర్చిన చందాదారులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళలో మా కోడలి బ్లాగుకు చందాదారులను కూడగట్టింది నేనే. నాలుగో తరగతి చదువుతో ఇంటర్నెట్టును కదిలించిన మంగయ్య ఈ జిల్లాలో ఇంకొకడు లేడు.

సంగతి 2010 నాటిది. కోడలు సరోజన గిన్నెలు తోముతూ తనలో తాను అనుకున్నవే బ్లాగులో రాసేది. కూర బాగుంటే ఎవరూ ఏమీ అనరనీ, ఉప్పెక్కువైతే ఇంటిల్లిపాదికీ నోరొస్తుందనీ, రాద్దామని కూర్చున్నప్పుడే మామకు టీ గుర్తొస్తుందనీ. ఆ మామను నేనే. కొత్త టపా, అంటే కొత్త రాత, పడగానే ఫీడు అనే ఏర్పాటు ద్వారా దానంతటదే చందాదారులకు చేరేది. వాళ్ళెందరో పేజీ పక్కన చిన్న డబ్బాలో అంకె కనిపించేది. నూట నలభై. మావాడు మధుసూదన్ ఆమెను పేరుపెట్టి పిలిచేది టవల్ కోసమే. ఆ నూట నలభై మందో, ఆమె ఏమంటుందో విందామని పేరిచ్చినవాళ్ళు. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేలోపు ఆ అంకె చూసుకునేది.

ఒక బుధవారం అంకె పదకొండుకు పడింది. పాలు పొంగిపోయాయి.

"నూట ఇరవై తొమ్మిది మంది ఒక్కపారే ఉరికిన్రంటే ఏం రాసినవో సూడు," అన్నాడు మధు. "ఎవలు సదువుతలేరు గద. ఆదివారం నెట్టు తీపిస్త."

 ఆ పూట ఆమె కూరలో ఉప్పే వేయలేదు. ఎవరమూ ఏమీ అనలేదు.

నేను బస్సెక్కాను. కేబుల్ టీవీలా ఏ ఊరి నెట్టు ఆ ఊరిదే అనుకుని, మూడు ఊళ్ళలోనూ నెట్ సెంటర్ల వాళ్ళను బతిమాలి పేర్లు చేర్పించాను. సూర్యాపేటలో మంగయ్య, కోదాడలో మంగయ్య గారు, మిర్యాలగూడలో పెద్ద మంగయ్య. అంటే నేను కూడగట్టిన జనమంతా నేనే.

శుక్రవారానికి అంకె నూట నలభై మూడు. నా ప్రతాపమేనని కోడలితో చెప్పుకున్నాను. ఆమె చాలాసేపు నవ్వింది.

"జనం ఎటు పోలే మామా. శానామంది ఒకటే సైటుల సదువుతరు. ఆ సైటు రెండ్రోజులు లెక్క పంపలే, గంతే."

నవ్వు ఆగాక ఆలోచనలో పడింది. ఆ ఆలోచనను తర్వాత ఆమె టపాలో, ఆమె మాటల్లోనే చదివాను. మంగయ్య ఒక్కడే ముగ్గురైతే మిగిలినవాళ్ళలో మనుషులెందరు? పేరిచ్చి ఒక్కసారీ తెరవనివాళ్ళెందరు? మరి మిర్యాలగూడ కుట్టు సెంటర్లో పుష్పాబాయి అనే ఆమె నా టపాలు అచ్చు తీయించి ఆరుగురికి చదివి వినిపిస్తున్నానని రాసిందే, ఆ ఏడుగురూ ఏ అంకెలోనూ లేరు. రోజంతా నేను చేసే పనిలాగే.

ఆదివారం సరోజన బ్లాగులోంచి ఆ అంకె డబ్బానే తీసేసింది. అంకె ఏదని మధు అడిగాడు.

"తీసేసిన. నెట్టు తీపియ్యాల్నంటే తీపియ్యి. నెట్ సెంటర్ల కూసోని రాస్త. గప్పుడు వంట నువ్వే జేస్కో." నా వైపు తిరిగి, "నేను రాస్తున్నప్పుడు ఎవలి ఛాయ్ వాళ్ళదే మామా," అంది.

నెట్టు ఉండిపోయింది. నేను వెంటనే లేచి టీ పెట్టుకున్నాను. తాగాక గ్లాసు కడిగి బోర్లించాను.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, గ్లాసు కడగడం. ఆ గ్లాసు సింకులోనే ఉండింది. మర్నాడు ఆమె టపా దాని మీదే. మంగయ్యకు మూడు ఊళ్ళలోనూ అందింది.