గిన్నె అడుగున పేరు

"నా సంతకానికి తగ్గ పెన్నొకటి చూసిపెట్టు. ఇలాంటి చిల్లర పనులు నీకు బాగా తెలుసుగా," అన్నాడు మా ఆయన. లేత్ మెషిన్ కింద చెక్కపొట్టు ఊడుస్తున్నాను. చీపురు తగలకుండా రెండు కాళ్లూ కుర్చీలోకి ఎత్తి పెట్టుకున్నాడు మహానుభావుడు.

ఆయన సంతకం. ఎక్కడ? నేను దుంగ బిగించి, ఉలితో తొలిచి, ఉప్పుకాగితంతో వేళ్లు మండేదాకా రుద్దిన గిన్నెల అడుగున. మెషిన్ కొన్నది ఆయనే, కాదనను. నాలుగు రోజులు తిప్పి నడుము నొప్పన్నాడు. అప్పట్నుంచి చేసేది నేను, వచ్చినవాళ్లకి వివరించేది ఆయన. "చెక్కతో మాట్లాడాలండీ," అంటాడు. పచ్చి చెక్కకీ ఎండు చెక్కకీ తేడా తెలీదు, ఏం మాట్లాడతాడో! రేపు చేతిపనుల షాపావిడ అమ్మడానికి గిన్నెలు తీసుకెళ్తుంది. చేసినవాళ్ల పేరు అడుగున ఉండాలంది. నా పేరు రాస్తే ఏమని ఆయన్ని నోరు తెరిచి అడిగాను. "నువ్వైతే ఏంటి, నేనైతే ఏంటి? ఇద్దరం ఒకటేగా!" ఒకటే. ఆ ఒకటి మాత్రం ఎప్పుడూ ఆయనే. అత్తయ్య ఊరుకుంటుందా? "మొగుడి పేరు నిలబడితే నీకు గొప్ప కాదుటమ్మా?" అంది.

ఓ చెక్కముక్క మీద పెన్నులన్నీ రాసి చూశాను. జెల్ పెన్ను సిరాని చెక్క తాగేసి అక్షరాలు పాకాయి. లావు మార్కర్ దర్జాగా రాసింది గానీ, లక్క పాలిష్ పూయగానే అందులోని స్పిరిట్‌కి కరిగిపోయింది. సన్నటి డ్రాయింగ్ పెన్ను ఒక్కటే నిలిచింది. అప్పుడు చూశాను, అన్నిటితోనూ ఆయన పేరే రాశాను. నా మీద నాకే అసహ్యమేసింది.

అయినా చెప్పాను. "మార్కర్ పాలిష్‌కి ఆగదండీ."

"నాకు నేర్పకు. సంతకమంటే దూరానికి కనపడాలి," అని మార్కర్ లాక్కున్నాడు.

గిన్నె అడుగున ఉన్నది దూరం నుంచి ఎవడికి కనపడాలో! వరసగా బోర్లించి, ఒక్కోదాని మీదా పొడవాటి తోకతో సంతకం చేసి, అలిసిపోయి పడుకున్నాడు. పాలిష్ నా పనే, ఆయనకి వాసన పడదు. మామూలుగానైతే పేరుకి తగలకుండా చుట్టూ పూసి ఉండేదాన్ని. ఆయన పరువు కదా. ఇవాళ గుడ్డ పాలిష్‌లో ముంచి అడుగు నుంచే మొదలుపెట్టాను. మొదటి తుడుపుకి తోక పోయింది, రెండోదానికి మనిషే పోయాడు. మిగిలిన మరకని ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ పాలిష్ పూసి, ఆరాక సన్న పెన్నుతో నా పేరు రాశాను. మొదటి గిన్నె మీద చిన్న అక్షరాలు. తర్వాతవాటి మీద పెద్దవి.

పొద్దున అత్తయ్య ఓ గిన్నె తిరగేసి చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, మావాడి పేరేదే?"

నల్లబడ్డ గుడ్డ తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇందులో ఉందత్తయ్యా. ఉతకమంటారా, దాచుకుంటారా?"